పక్కలోయకి పలకని రేడియో

ఆషాఢం, మొదటి గురువారం

సంతమెట్ట నుంచి వచ్చిన రేడియో కిట్టు మొన్న విప్పాను. ఆవాల డబ్బా అంత రేకు పెట్టె, గుప్పెడు విడిభాగాలు, నొక్కడానికో మీట, చెవులకు తగిలించుకునే డిప్పలు రెండు. నిన్నంతా కూర్చుని సీసం కరిగించి అతుకులు వేశాను. దీంట్లో మాట వెళ్ళదు. మీట నొక్కినంతసేపు కూత వెళుతుంది. పొట్టి కూతలు, పొడుగు కూతలు కలిపితే ఇంగ్లీషు అక్షరాలు, ఆ అక్షరాలతో తెలుగు మాటలు. తీగమీద మాట సరిగ్గా పోని రోజుల్లో మేం వాడిన పద్ధతే కనుక నా చేతికి కొత్తేమీ కాదు.

పోయినేడాది చరియ విరిగిపడి పెదలోయకి వెళ్ళే టెలిఫోను తీగ మొత్తం కింద పారే కొండవాగు, మా గెడ్డలో కలిసిపోయింది. దాంతోపాటు గాలిమెట్ట తీగగదిలో నా పనీ పోయింది. ఇప్పుడు పెద్దల సభ నాకు అప్పగించిన పని ఈ కిట్టును వానాకాలమంతా వాడి చూసి, ఎంత దూరం పలుకుతుందో, దేనికి పనికొస్తుందో, దేనికి రాదో రాసి ఇవ్వడం. బాగుంటే ఈ కొండ ఊళ్ళలో మెట్టమెట్టకీ ఒకటి తెప్పిస్తారు. లేకపోతే అన్ని ఊళ్ళలో రాగి పోగుచేసి మళ్ళీ తీగ వేస్తారు. నాకు మాత్రం తీగే కావాలని ఉంది. ఈ పెట్టె గాలిలోకి పంపే శక్తితో ఒక టార్చి బల్బు వెలుగుతుంది, అంతే. దీని మీద నమ్మకం ఎలా వస్తుంది?

కొండల మధ్య ఇనుపతాడు మీద నడిచే తాడుబండికి మెకానిక్కు గురయ్య మావ. ఏరియల్ ఆయనే కట్టిపెట్టాడు. తాడుబండి ఆఖరి స్తంభం కొసకెక్కి, అక్కడి నుంచి లోయకి అడ్డంగా అవతలి బండ దాకా తీగ లాగాడు. దిగి వచ్చాక మోకాళ్ళు పట్టుకుని నవ్వాడు.

"ఇంతకన్నా ఎత్తుకి కట్టాలంటే మబ్బుకి మేకు కొట్టాల, రత్నం."

ఆషాఢం, ఆదివారం

పెదలోయలో ఇలాంటి పెట్టె ఇంకొకటి ఉంది. అది సింహాద్రి దగ్గర. అతను నా చెల్లెలు పార్వతాలు మొగుడు, ఆ ఊరి తీగగది మనిషి. దీపాలవేళ నేను పిలవాలని, అతను బదులివ్వాలని ముందే అనుకున్నాం. మధ్యాహ్నం ఏ మెట్టలోనూ ఎవరూ మేలుకుని ఉండరు. ఎండగంట కొట్టగానే తలుపులు మూసి పడుకోవడం మా తాతల నాటి నుంచీ అలవాటైపోయింది. వానాకాలం మబ్బు పట్టినా ఆ నిద్ర మాత్రం పోదు.

ఈ వారంలో ఏ సాయంత్రమూ సింహాద్రి పలకలేదు. బ్యాటరీ చూశాను. అతుకులు చూశాను. ఏరియల్ మొదట్లో చిన్న బల్బు తగిలిస్తే మీట నొక్కినప్పుడల్లా ముద్దుగా వెలుగుతోంది. అంటే పెట్టె పంపుతోంది. చెవుల్లో మాత్రం వాన జల్లు లాంటి చప్పుడు, దాని వెనక ఎక్కడెక్కడివో సన్నటి కూతలు.

సభ పెద్ద గౌరునాయుడు గొడుగు దులుపుకుంటూ గదిలోకి వచ్చాడు.

"ఏటమ్మా, పలికిందా?"

"నేదు బాబూ. ఎదురుగా కొండ దాటితే పెదలోయ. అక్కడికే పోలేదు."

"పాపం, సింహాద్రి పెట్టె గానీ సెడిపోనాదేటి?"

"అదీ అవ్వొచ్చు."

ఆయన కాసేపు చెవిడిప్ప పెట్టుకుని విన్నాడు. ఏమీ అర్థంకాక తిరిగి ఇచ్చేశాడు. "ఇంకో పది దినాలు సూడు. మరీ తొందరపడి సెడ్డదని రాసీకు" అన్నాడు. నా మొహంలో ఏం కనిపించిందో మరి. పలకలేదని చెప్పేటప్పుడు నాకు లోపల కొంచెం సంతోషంగానే ఉంది.

ఆషాఢం, బుధవారం

ఇవాళ దీపాలవేళ సింహాద్రిని పిలిచి ఆపగానే ఎవరో బదులిచ్చారు. చేతివాటం సింహాద్రిది కాదు. నిదానంగా, గుండ్రంగా, తొణక్కుండా కొడుతున్నారు.

"గాలిమెట్టా, నీ కూత బాగా వినిపిస్తోంది. నా పేరు కాంచన. ఊరు ఖరగ్‌పూర్."

ఖరగ్‌పూర్ అంటే బెంగాల్. మధ్యలో ఒరిస్సా అంతా ఉంది. కొండ అవతలికి పోని టార్చి బల్బు అక్కడికెలా పోయింది?

"తెలుగు ఎలా వచ్చు?" అని అడిగాను.

"మా తాతల తాతలు రైలు పనికొచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇంట్లో ఇంకా తెలుగే. రాయడం రాదు. చెవితో విన్నది కొడతాను. తప్పులుంటే నవ్వుకో."

తప్పులున్నాయి. 'వాన' అనడానికి 'వానము' అని కొట్టింది. నవ్వుకున్నాను కూడా. తర్వాత ఆమె చెప్పిన మాటకి నవ్వు ఆగిపోయింది.

"మీ పెదలోయ అతను కూడా రోజూ వినిపిస్తాడు. నిన్నే పిలుస్తుంటాడు. నువ్వు అతన్ని పిలుస్తావు. ఇద్దరికీ ఒకరిది ఒకరికి వినిపించదా?"

ఆషాఢం, ఆఖరి శనివారం

కాంచన పుణ్యమా అని ఇప్పుడు ప్రతి సాయంత్రమూ సింహాద్రితో మాట్లాడుతున్నాను. నా మాట ఖరగ్‌పూర్ వెళుతుంది, ఆమె మళ్ళీ కొడుతుంది, అతనికి అందుతుంది. పార్వతాలికి మోకాలి నొప్పి తగ్గిందన్న కబురు రాష్ట్రాలు దాటి వచ్చింది. మొన్న సింహాద్రి ఊరగాయ జాడీ మూత నా దగ్గరే ఉండిపోయిందని అడిగించాడు. కాంచన ఆ మాట అందించి, "ఏ ఊరగాయ?" అని తనూ అడిగింది. చింతకాయ అని చెప్పాను. కాసేపటికి, "చిన్నప్పుడు తిన్నాను" అని కొట్టింది.

ఆమె వయసు డెబ్భై దాటిందట. ఒక్కతే ఉంటుంది. మా ఇద్దరి మధ్య కూర్చోవడం బావుందంది.

పక్క ఊరికి ఎందుకు పలకడం లేదని అడిగితే తన అనుభవం చెప్పింది. ఏరియల్ బాగా ఎత్తున ఉంటే కూత చూరు మీంచి విసిరిన రాయిలా దూరంగా పోతుంది. ఆకాశానికి తగిలి వాళ్ళ ఊళ్ళో దిగుతుంది. మధ్యలో ఉన్న ఊళ్ళన్నీ దాటేస్తుంది. పక్కలోయకి పలకాలంటే తీగను మనిషెత్తుకి దించాలి. అప్పుడు కూత నిట్టనిలువుగా పైకి పోయి గొడుగులా చుట్టుపక్కలే పడుతుంది. అదైనా పగటిపూటే. పొద్దువాలితే ఆకాశం పలచబడి, నిలువుగా పోయింది తిరిగి రాదు.

గురయ్య మావకి చెబితే కోపం వచ్చింది.

"ఎత్తు పెంచితే ఇనిపించాల గానీ, దించితే ఇనిపిస్తాదేటి? ఎవులో ఎక్కడినుంచో సెప్తే ఇప్పీమంటావా? నాను ఆ స్తంభం మళ్ళీ ఎక్కలేను తల్లీ."

మాట ఎలాగూ అందుతోంది కదా అని నేనూ బలవంతం చేయలేదు.

శ్రావణం, మొదటి మంగళవారం

మూడు రోజులుగా ఒకటే వాన. పొద్దున్న గురయ్య మావ తాడుకి గ్రీజు పెట్టడానికి ఆఖరి స్తంభం దగ్గరికి వెళ్ళి పరుగులాంటి నడకతో తిరిగొచ్చాడు.

"రత్నం, నాయుడు బాబుని తీసుకుని రా. గెడ్డ ఆగిపోనాది."

ముగ్గురం వెళ్ళి చూశాం. చరియ మళ్ళీ విరిగింది. సగం కొండ జారి గెడ్డకి అడ్డంగా పడింది. మట్టి, బండలు, వేళ్ళతో సహా చెట్లు. దాని వెనక నీళ్ళు నిలబడి ఎర్రటి చెరువులా ఉంది. ఆ గెడ్డ దిగువకి పోయి పోయి పెదలోయ మధ్యలోంచి పారుతుంది. మూడొందల మంది ఉంటారక్కడ. వాళ్ళకి ఈపాటికి గెడ్డ ఎండిపోయినట్టు కనిపిస్తూ ఉంటుంది. పిల్లలు దిగి చేపలు ఏరుకుంటూ ఉంటారు.

"ఈ మట్టికట్ట ఎన్నాళ్ళు ఆగుద్ది మావా?" అన్నాడు నాయుడు.

"పచ్చిమట్టి బాబూ. నీరు పైనించి పొర్లిందా, ఇంక అంతే."

దిగువకి దారి ఆ చరియ కిందే పోయింది. వెనక శిఖరం చుట్టి వెళ్ళమని ఇద్దరు కుర్రాళ్ళని పంపారు. వాళ్ళు చేరేసరికి ఎంత లేదన్నా శుక్రవారం అవుతుంది. మబ్బులో మంట వేసినా కనబడదు.

"మరేటి, ఆ ఖరగ్‌పూర్ ముసలమ్మకి సెప్పు. ఆవిడ సింహాద్రికి సెప్పుద్ది" అన్నాడు నాయుడు.

దీపాలవేళ కాంచనను పిలిచాను. లేదు. మళ్ళీ పిలిచాను. అప్పుడు గుర్తొచ్చింది, నిన్న ఆఖర్న ఆమె చెప్పిన మాట: "సముద్రం మీద తుఫాను కట్టింది. తీగ దించి లోపల పెట్టుకుంటున్నాను. తగ్గాక వస్తాను."

చెవిడిప్పలో వేరే కూతలు వినిపించాయి. ఒకటికి బదులిచ్చాను. అవతలి మనిషికి తెలుగు రాదు. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో 'నీరు, ఊరు, ప్రమాదం' అని చెప్పాను. అతనికి అర్థమైంది కూడా. కానీ సింహాద్రి అతనికి వినిపించడం లేదు. అతను క్షమించమని ఎన్నిసార్లు కొట్టాడో! నాకే జాలేసి, పడుకోమని చెప్పాను.

శ్రావణం, బుధవారం

తెల్లారగానే గురయ్య మావ ఇంటికి వెళ్ళాను. ఆయన అప్పటికే గుమ్మంలో తాళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"దించీద్దాం పద. నానే ఎక్కుతాను. నువ్వు కింద తాడట్టుకో."

వానలో, జారే ఇనుము మీద ఆయన పైకి పోతుంటే నేను చూడలేక తల వంచుకున్నాను. అరవై దాటిన మనిషి. తీగ విప్పి, కిందికి వదిలి, దిగాడు. తీగగది వెనక మిరప మడిలో కర్రలు పాతి, నా తలకి తగిలేంత ఎత్తున కట్టాం. బట్టలారేసే తాడులా ఉంది. ఎత్తు మీద నుంచే అందని మాట దీని మీద అందుతుందంటే నాకూ నమ్మబుద్ధి కాలేదు.

ఎండగంట కొట్టాక పిలవడం మొదలుపెట్టాను. 'పెదలోయ, పెదలోయ, ఊరు విడిచి కొండెక్కండి, గెడ్డకి అడ్డుకట్ట పడింది.' కొట్టి, ఆగి విని, మళ్ళీ కొట్టి. ఈ వేళప్పుడు అక్కడ అందరూ తలుపులేసుకుని నిద్రపోతుంటారు. సింహాద్రి సాయంత్రం గాని పెట్టె ముట్టుకోడు. సాయంత్రమయ్యేసరికి నా కూత ఆకాశం దాటి పోతుంది. ఇదంతా తెలిసే కొడుతున్నాను.

పొద్దువాలే దాకా ఎవరూ పలకలేదు. మణికట్టు వాచింది. గురయ్య మావ కట్ట దగ్గరికి వెళ్ళొచ్చి, నీరు ఇంకా పెరిగిందని మాత్రం చెప్పాడు.

శ్రావణం, గురువారం

పలికింది.

మధ్యాహ్నం, ఎడమచేత్తో కొడుతున్నాను, కుడిచెయ్యి వేడినీళ్ళ గిన్నెలో ఉంది. ఆగి విన్నప్పుడు దగ్గరలోనే ఎవరో ఉన్నట్టు గట్టిగా, తడబడుతూ వచ్చింది.

"వదినా, నువ్వేనా? పగలు ఎలా వినిపిస్తున్నావు?"

నాకు కన్నీళ్ళొచ్చాయి. ఏడవడానికి తీరిక లేదు. మొత్తం మళ్ళీ కొట్టాను. తర్వాత:

"గెడ్డ ఎండిందని అందరూ సంబరపడుతున్నారు. పొద్దున్నంతా కుర్రాళ్ళు దాంట్లో ఇసుక తవ్వారు. నేను చెబితే నమ్మరు. నువ్వు కళ్ళారా చూశావా?"

"చూశాను. నాయుడు గారు, గురయ్య మావ కూడా చూశారు. కట్ట మీ బడి కప్పు కన్నా ఎత్తుంది. నీరు దాని అంచుకి రెండు బారల దిగువన ఉంది. వాన ఆగలేదు."

"నారు మడులున్నాయి. మంచం పట్టినవాళ్ళున్నారు."

"మోసుకెళ్ళండి. తూర్పు కొండ ఎక్కండి. మరిదీ, నిన్ను బతిమాలుతున్నాను."

ఈసారి వచ్చిన కూతలు చిన్నవి, తొందరవి.

"పార్వతాలు వీధిలో కేకలేస్తోంది. జనం లేస్తున్నారు. వెళ్ళి వస్తాను."

ఆ మధ్యాహ్నమంతా నేను పెట్టె దగ్గరే ఉన్నాను. మధ్యమధ్య అతను పరుగున వచ్చి రెండు మాటలు కొట్టి పోయేవాడు. ముసలాళ్ళని ఎత్తుకున్నారట. పశువుల్ని విప్పారట. మునసబు రానని మొండికేస్తే అతని కోడలే చెయ్యి పట్టి లాగిందట. పొద్దువాలే వేళకి కూత సన్నబడుతూ వచ్చింది. ఆఖరిమాట సగమే అందింది. "పెట్టె సంకన పెట్టుకుని మేమూ" అని. ఆ తర్వాత జల్లు చప్పుడు ఒక్కటే.

శ్రావణం, శుక్రవారం

తెల్లవారుజామున కట్ట తెగింది. ఇక్కడికి నేల అదరడం తెలిసింది. వంట గిన్నెలు గలగలలాడాయి. బయటికొచ్చి నిలబడ్డాం అందరం. మబ్బులో ఏమీ కనబడదు. కింద ఎక్కడో రైలు పోతున్నట్టు చప్పుడు, ఎంతకీ ఆగలేదు.

మధ్యాహ్నం దాకా ఊళ్ళో ఎవరూ పొయ్యి వెలిగించలేదు. ఎండగంట కొట్టారు గానీ ఒక్క తలుపూ మూయలేదు. మిరప మడి చుట్టూ జనం నిలబడ్డారు. నేను పిలిచాను.

సింహాద్రి తూర్పు కొండమీది నుంచి పలికాడు. పొదల మీద తీగ పరిచాడట.

"ఊరు లేదు వదినా. బడి లేదు, మిల్లు లేదు. జనం ఉన్నాం."

నేను గట్టిగా చదివాను. నాయుడు మిరప మొక్కల మధ్య అలాగే కూలబడి మొహం కప్పుకున్నాడు. సింహాద్రి మళ్ళీ కొట్టాడు.

"ఒక్కడు పోయాడు. మిల్లు తవిటయ్య. గేదె కోసం వెనక్కెళ్ళాడు."

శ్రావణం, రెండో శుక్రవారం

మేం పంపిన కుర్రాళ్ళు దారి చూపిస్తే పెదలోయ జనం శిఖరం చుట్టి వచ్చి ఇక్కడే ఉంటున్నారు. బడిలో, తాడుబండి కొట్టంలో, మా ఇంట్లో. పార్వతాలు వచ్చినప్పటి నుంచీ అందరికీ అదే కథ చెబుతోంది.

"ఈ మనిషి సెవిడిప్పల్ని ఇత్తడి సెంబులో ఏసి ఇంటాడు. సెంబులో ఏస్తే గట్టిగా ఇనిపిస్తాదంట. ముందునాటి సాయంత్రం ఇని, ఆర్పడం మరిసిపోయి తొంగున్నాడు. మధ్యానం నిద్దరట్టక నాను సోళ్ళు సెరుగుతంటే సెంబు టకటకమంటంది. బేటరీ అయిపోద్ది, లెగండి, ఆర్పండి అన్నాను. అంతే. మా అప్ప పిలుస్తందని నాకేటి తెలుసు?"

అందరూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. నవ్వి వెంటనే పెదలోయ వైపు చూస్తుంది, ఊరు లేదని గుర్తొచ్చేదాకా.

సభకి ఇవ్వాల్సిన కాగితం రాసేశాను. ఏరియల్ ఎత్తున ఉంటే సాయంత్రం చాలా దూరం పలుకుతుంది, పక్క ఊరికి పలకదు. దించితే పగలు పక్క లోయలకి బాగా పలుకుతుంది. కాబట్టి ప్రతి ఊరూ రెండు తీగలు కట్టుకోవాలి, మధ్యాహ్నం ఒక మనిషి మేలుకుని వినాలి. తేమకి అతుకులు పాడవుతాయి, ఏటా చూసుకోవాలి. కిట్టు తీసుకోవచ్చు. మొదట నాకు నమ్మకం లేదని కూడా రాశాను. నాయుడు గారు ఆ వాక్యం చదివి, తీసేయమనలేదు.

శ్రావణం, ఆదివారం

మిల్లు తవిటయ్య పెళ్ళాం దేముడమ్మ మొన్న తీగగదికి వచ్చి గడప మీద కూర్చుంది. పెట్టె వైపు చూపించి అడిగింది.

"మా గుంటడు ఉత్తరాదిన పట్టాలేసే పనిలో ఉన్నాడు. ఆడికి తెలవదు. నీ పెట్టె ఆడిదాకా ఎల్తాదా?"

గురయ్య మావ కుర్రాళ్ళ చేత స్తంభం మీద ఇంకో తీగ కట్టించాడు. తుఫాను తగ్గి కాంచన తిరిగి వచ్చింది. జరిగిందంతా చెప్పి, ఆ అబ్బాయి పేరు రాజారావని, పట్టాలు వేసే ముఠాలో ఉన్నాడని కొట్టాను. ఆ ముఠా ఎక్కడుందో వెతుకుతానంది. డెబ్భై దాటిన మనిషి బురదలో ఎవరెవరిని అడిగిందో, ఇవాళ దీపాలవేళ అతన్ని తన పక్కన కూర్చోబెట్టుకుని పిలిచింది.

"వచ్చాడు. చెప్పు. నేను నెమ్మదిగా చెబుతాను."

దేముడమ్మ నా పక్కన పీట మీద ఉంది. ఏం కొట్టమంటావని అడిగాను.

"మీ అయ్య పోనాడు, నాను బాగున్నాను అను. గేదె మాట సెప్పీకు. ఆడు దాన్ని దూడప్పటినించి సాకినాడు."

అలాగే కొట్టాను. ఆమె చెప్పిందానికి ఒక్క అక్షరం కలపలేదు. బదులు రావడానికి ఎంతసేపు పట్టిందో, మేమిద్దరం దీపం వైపు చూస్తూ కూర్చున్నాం.

"అమ్మ అక్కడే ఉందా అని అడుగుతున్నాడు."

"ఉంది. నా పక్కనే కూర్చుంది."

కాంచన మళ్ళీ కొట్టింది.

"మీరు కొట్టింది కాకుండా, అమ్మ చేత్తో ఏదైనా పంపమంటున్నాడు. ఏదైనా సరేనట."

దేముడమ్మకి చెప్పాను. ఆమె చేతులు చీరకి తుడుచుకుంది. "నాకు రాదు కదా" అంది. రానవసరం లేదన్నాను. ఒక చెవిడిప్ప తీసి ఆమె చెవికి పెట్టి, వేలు మీట మీద ఉంచాను. ఆమె నొక్కి, అలాగే పట్టుకుంది. కూత సాగుతోంది. ఏ అక్షరమూ కాదు. ఊపిరి బిగబట్టినంతసేపు పట్టుకుని, వదిలింది.

జల్లు చప్పుడు వినిపించింది. దాంట్లోంచి ఒక కూత లేచింది. కాంచన చెయ్యి కాదు. మొదట్లో వణికి, తర్వాత నిలబడి, ఆమె పట్టుకున్నంతసేపూ సాగింది.

దేముడమ్మ చెవిడిప్ప రెండు చేతులతో నొక్కిపెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఆడే" అంది.